రియాయత్ వెనకాల షర్తు

పోయిన నెల మా ఆపా కొడుక్కి ల్యాప్‌టాప్ కొనడానికి సికింద్రాబాద్ వెళ్లాం. వాడికి బీటెక్ సీటొచ్చింది. ల్యాప్‌టాప్ లేకపోతే కాలేజీలో ఇజ్జత్ ఉండదని వారం రోజులుగా ఒకటే గోల. దుకాణం కుర్రాడు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒకటే. ధరలో మాత్రం ఒకటి నాలుగు వేలు తక్కువ. ఆపా కళ్లజోడు సర్దుకుని తక్కువ ధరదాని స్టిక్కర్ చదివింది.

"ఇందులో ఇంటెల్ లేదు కదా? ఇంటెల్ లేనిది మనకొద్దు" అంది.

"అమ్మీ, అది ఏఎండీ. అది కూడా బాగుంటుంది. మామూ, నువ్వన్నా చెప్పు" అని వాడు నా వైపు తిరిగాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపాకి ఫోన్‌లో వాట్సాప్ చూడడం తప్ప కంప్యూటర్ సంగతేమీ తెలియదు. కానీ లోపల ఉండే చిప్పు పేరు తెలుసు. ఆ పేరు ఆమె దాకా ఎలా వచ్చిందో నాకు తెలుసు. 1991లో ఇంటెల్ 'ఇంటెల్ ఇన్‌సైడ్' అనే ప్రచారం మొదలుపెట్టింది. కంప్యూటర్ కంపెనీలు తమ ప్రకటనల్లో ఆ గుర్తు వేస్తే ఖర్చులో కొంత ఇంటెల్ భరించేది. కంటికి కనిపించని సరుకుకి ఇంటింటా పేరు తెచ్చిపెట్టిన తెలివి అది. అందులో తప్పు పట్టడానికేం లేదు. నా సరుకు మంచిదని చెప్పుకోవడం ప్రతి తాజిర్‌కీ ఉన్న హక్కు.

నా బాధ ఆ స్టిక్కర్ గురించి కాదు. ఇవాళ ఏఎండీ ల్యాప్‌టాప్ కనీసం ఆపా ముందు బల్ల మీదికి వచ్చింది. ఆమె వద్దంటే అది ఆమె మర్జీ. కానీ ఇరవై ఏళ్ల కింద పెద్ద కంపెనీల కంప్యూటర్లలో అది బల్ల దాకా రాకుండానే చాలాసార్లు ఆగిపోయింది. కొనేవాడు వద్దనలేదు. కొనేవాడి ముందుకు రానివ్వలేదు. ఈ రెండింటి మధ్య జమీన్ ఆస్మాన్ తేడా ఉంది.

ఇది అర్థం కావాలంటే ముందు మా అబ్బా దుకాణం సంగతి చెప్పాలి.

కర్నూలులో అబ్బాకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. నేను ఉర్దూ మీడియం బడిలో ఆరో ఏడో చదివేటప్పటి మాట. ఒక పెద్ద సబ్బుల కంపెనీ ఏజెంటు పండగ ముందు వచ్చాడు. "సాబ్, స్కీము వచ్చింది. పెట్టెకి ఇంత తగ్గింపు. పైన గోడ గడియారం ఫ్రీ" అన్నాడు. అబ్బా ఖుషీ అయ్యాడు. వాడు వెళ్లబోతూ మెట్టు మీద నిలబడి మెల్లగా ఇంకో మాట అన్నాడు. "ఆ లోకల్ సబ్బు మాత్రం పెట్టొద్దు సాబ్. పెడితే స్కీము ఉండదు."

ఆ లోకల్ సబ్బు మా మొహల్లాలోనే ఒక చిచ్చా ఇంటి వెనక షెడ్డులో తయారుచేసేవాడు. బట్టలకి మంచి సబ్బు, ధర కూడా తక్కువ. అబ్బా రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు ఆ సబ్బులు అరలోంచి దించేశాడు. ఎందుకని అడిగితే "మజ్బూరీ బేటా. పెద్ద కంపెనీ సబ్బు లేకపోతే గిరాకీ మన మెట్టెక్కదు" అన్నాడు. మా ఒక్క దుకాణమే కాదు, ఆ బజార్‌లో అందరూ అదే చేశారు. రెండేళ్లకి చిచ్చా షెడ్డు మూసుకున్నాడు. జుమ్మా రోజు మసీదులో ఆయన ఒకే సఫ్‌లో పక్కన నిలబడితే అబ్బా సలాం చెప్పేవాడు గానీ ముఖంలోకి చూసేవాడు కాదు. గడియారం మాత్రం మా గోడ మీద చాలా ఏళ్లు ఆడింది.

పెద్దయ్యాక నాకు ఆ హిసాబు అర్థమైంది. మీరూ ఒకసారి లెక్క వేసి చూడండి. ఒక దుకాణానికి నెలకి 100 పెట్టెల సబ్బు కావాలి. పెట్టె వెయ్యి రూపాయలు. అందులో 80 పెట్టెలు పెద్ద కంపెనీవే ఉండాలి, జనం ఆ పేరే అడుగుతారు కాబట్టి. మిగతా 20 పెట్టెలు ఎవరివైనా నడుస్తాయి. పెద్ద కంపెనీ వచ్చి "మొత్తం నా దగ్గరే కొంటే పెట్టెకి 50 రూపాయలు తగ్గిస్తాను, వేరేవాళ్ల దగ్గర కొంటే ఆ తగ్గింపు ఒక్క పెట్టెకి కూడా ఉండదు" అంటుంది. మొత్తం అక్కడే కొంటే బిల్లు 95 వేలు. 20 పెట్టెలు చిచ్చా దగ్గర కొంటే 80 పెట్టెలకి పూర్తి ధర, అంటే 80 వేలు కట్టాలి. బిల్లు 95 వేలు దాటకూడదంటే చిచ్చా తన 20 పెట్టెలూ 15 వేలకే ఇవ్వాలి. అంటే పెట్టె 750.

పెద్దవాడు తగ్గించింది పెట్టెకి 50. దానికి జవాబుగా చిన్నవాడు తగ్గించాల్సింది 250. ఇద్దరికీ సబ్బు తయారీ ఖర్చు ఒకటే అయినా సరే, చిన్నవాడు మునుగుతాడు. రియాయత్‌లో జహర్ లేదు. దాని వెనకాల ఉన్న షర్తులో ఉంది.

ఇప్పుడు సబ్బు పెట్టె స్థానంలో కంప్యూటర్ చిప్పుని పెట్టండి. మా అబ్బా స్థానంలో హెచ్‌పీ, డెల్, ఏసర్, లెనోవో, ఎన్ఈసీలని పెట్టండి. 2009 మే 13న యూరోపియన్ కమిషన్ ఇంటెల్ మీద చెప్పిన ఫైసలాలో ఉన్నది ఈ కథే. 2002 అక్టోబర్ నుంచి 2007 డిసెంబర్ దాకా జరిగిన వ్యవహారం మీద 106 కోట్ల యూరోల జుర్మానా వేసింది. అప్పటికి పోటీ చట్టాల కింద యూరప్‌లో ఒక్క కంపెనీ మీద అంత పెద్ద జుర్మానా ఎప్పుడూ పడలేదు. ఆ కాలంలో ఈ రకం చిప్పుల ప్రపంచ మార్కెట్‌లో కనీసం 70 శాతం ఇంటెల్‌ది.

కమిషన్ ఏం చెప్పింది? హెచ్‌పీ తన ఆఫీసు డెస్క్‌టాప్ కంప్యూటర్లకి కావలసిన చిప్పుల్లో కనీసం 95 శాతం ఇంటెల్ దగ్గరే కొంటే రాయితీ. ఎన్ఈసీకి అదే షర్తు 80 శాతం దగ్గర. డెల్ పూర్తిగా ఇంటెల్ చిప్పులే వాడాలి. జర్మనీకి చెందిన పెద్ద దుకాణాల గొలుసు మీడియా సాటర్న్ ఇంటెల్ కంప్యూటర్లే అమ్మాలి, దానికి డబ్బు.

అందులో ఒక సంగతి చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. ఏఎండీ హెచ్‌పీకి 10 లక్షల చిప్పులు ముఫ్త్‌గా ఇస్తానంది. తక్కువ ధరకి కాదు, పూర్తిగా ఉచితంగా. హెచ్‌పీ తీసుకున్నది 1,60,000 మాత్రమే. అన్నీ తీసుకుంటే మిగతా లక్షల చిప్పుల మీద ఇంటెల్ ఇచ్చే రాయితీ పోతుంది. ముఫ్త్‌గా ఇచ్చినా తీసుకుంటే నష్టం వచ్చే బజార్ అది. చిచ్చా సబ్బు 750కి ఇవ్వాల్సి రావడమే అన్యాయం అనుకున్నాం. ఇక్కడ సున్నాకి ఇచ్చినా చాల్లేదు.

చాలామంది అంటారు, ఏఎండీ సరుకు బాగా లేదేమో, అందుకే కొనలేదేమో అని. సరిగ్గా ఆ ఏళ్లలో ఈ దలీల్ నిలబడదు. పాత 32 బిట్ ప్రోగ్రాములు కూడా నడిచే 64 బిట్ చిప్పుని 2003లో బజార్‌లోకి ముందు తెచ్చింది ఏఎండీ. మరుసటి ఏడాది ఇంటెల్ కూడా తన చిప్పుల్లో అదే పద్ధతి పెట్టుకుంది. ఇవాళ ఆపా అడిగిన ఇంటెల్ ల్యాప్‌టాప్ లోపల కూడా నడిచేది ఆ 64 బిట్ పద్ధతే. పోటీదారుడి సరుకు బాగున్న రోజుల్లోనే దారి మూసుకుపోయింది. బాగాలేని సరుకుని ఆపడానికి ఎవరూ డబ్బు ఖర్చు పెట్టరు.

డెల్ సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో షేర్ బజార్ మీద నిఘా పెట్టే ఎస్ఈసీ 2010లో డెల్ మీద ఫిర్యాదు వేసింది. ఇంటెల్ నుంచి వచ్చిన డబ్బు సంగతి తన వాటాదార్లకి సాఫ్‌గా చెప్పలేదని ఇల్జామ్. 2003 ఆర్థిక సంవత్సరంలో ఆ డబ్బు డెల్ నిర్వహణ లాభంలో 10 శాతం. 2006కి 38 శాతం. 2007 ఆర్థిక సంవత్సరం మొదటి మూడు నెలల్లో 76 శాతం. డెల్ ఏఎండీ చిప్పులు వాడతానని చెప్పాక ఆ డబ్బు తగ్గిపోయింది. నేరం ఒప్పుకోకుండా, కాదనకుండా డెల్ 10 కోట్ల డాలర్లు కట్టి ఆ ముకద్దమా ముగించుకుంది.

ఆ లెక్కలు చూస్తే నాకు మా అబ్బా గుర్తొచ్చాడు. లాభంలో ముప్పావు వంతు ఒకే చేతి నుంచి వస్తుంటే, ఆ చేతి గలవాడితో 'కాదు' అనే దమ్ము ఎవరికుంటుంది? ఇచ్చేవాడు గాలిబ్, తీసుకునేవాడు మోహ్తాజ్. డెల్ అంతటి కంపెనీ కూడా ఆ మోహ్తాజీలో పడింది. కిరాణా కొట్టు అబ్బా ఎంత?

ఇక రాయితీ ముసుగు కూడా లేని వ్యవహారం ఇంకోటి ఉంది. ఏసర్ 2003 సెప్టెంబర్‌లో తేవాల్సిన ఏఎండీ ల్యాప్‌టాప్‌ని 2004 జనవరి దాకా ఆపింది. లెనోవో 2006లో తేవాల్సిన ఏఎండీ ల్యాప్‌టాప్‌లని నెలల తరబడి వెనక్కి జరిపింది. హెచ్‌పీ తన ఏఎండీ కంప్యూటర్లని ఎవరికి అమ్మాలి, ఏ దారిలో అమ్మాలి అన్న దాని మీద హద్దులు పడ్డాయి. ఇలా ఆపినందుకు, జరిపినందుకు ఇంటెల్ డబ్బిచ్చిందని కమిషన్ తేల్చింది. ఇందులో కొనేవాడికి ఒక్క పైసా తగ్గిందా? లేదు. సరుకు బజార్‌లోకి రాకుండా ఉండడానికి ఇచ్చిన డబ్బుని మన భాషలో ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇన్సాఫ్ కోసం ఇంటెల్ వైపు దలీల్ కూడా చెప్పాలి. తాను తప్పు చేశానని ఇంటెల్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. ధర తగ్గిస్తే కొనేవాడికే ఫాయిదా, ఎక్కువ కొనేవాడికి ఎక్కువ తగ్గించడం తిజారత్‌లో మామూలే అంటుంది. ఆ మాటలో బలం ఉంది. ప్రభుత్వాలు ప్రతి తగ్గింపునీ జుర్మ్‌లాగా చూస్తే నష్టపోయేది నాలాంటి మధ్యతరగతి తండ్రే. యూరప్ అదాలత్ కూడా చివరికి ఆ వైపే మొగ్గింది.

ఆ ముకద్దమా నడిచిన తీరు చూడండి. ఏఎండీ యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు ఇచ్చింది 2000లో. ఫైసలా 2009లో. ఇంటెల్ అపీలుకి వెళ్తే 2014లో కింది అదాలత్ జుర్మానా సరే అంది. 2017లో పై అదాలత్, ఇంటెల్ చూపించిన ఆర్థిక లెక్కలని సరిగా చూడలేదని ఆ తీర్పుని తిప్పి పంపింది. 2022లో కింది అదాలత్ మళ్లీ విని, రాయితీల వల్ల పోటీకి హాని కలిగే అవకాశం ఉందని కమిషన్ సబూత్‌లతో చూపించలేకపోయిందని జుర్మానా మొత్తం కొట్టేసింది. నేను పైన సబ్బు పెట్టెలతో వేసిన లెక్క ఉందే, అచ్చం అలాంటి లెక్కలో తప్పులున్నాయని చెప్పింది. 2024 అక్టోబర్ 24న పై అదాలత్ దాన్ని ఖాయం చేసింది. ఏసర్, హెచ్‌పీ, లెనోవోలకి సరుకు ఆపడానికి ఇచ్చిన డబ్బు సంగతి మాత్రం తప్పుగానే నిలిచింది. దాని మీద కమిషన్ 2023లో 37.6 కోట్ల యూరోల జుర్మానా కొత్తగా వేసింది. ఇంటెల్ దాని మీద కూడా అపీలుకి వెళ్లింది.

ఫిర్యాదు ఇచ్చిన ఏడాది పుట్టిన బిడ్డకి ఆ చివరి తీర్పు వచ్చేసరికి ఇరవై నాలుగేళ్లు.

అదాలత్ సబూత్ అడగడం తప్పని నేను అనను. హిసాబు లేకుండా సజా వేయడం కూడా జుల్మే. పెద్దవాడైనా వాడికీ ఇన్సాఫ్ హక్కుంది. నా ఫిర్యాదు వేరే. లెక్కలు తేలేదాకా బజార్ ఆగదు. 2005 జూన్‌లో ఏఎండీ అమెరికాలో కూడా దావా వేసింది. 2009 నవంబర్‌లో ఇంటెల్ 125 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. కానీ ఆ ఏడాదే ఏఎండీ తన ఫ్యాక్టరీలని వేరు చేసి అబుధాబి ప్రభుత్వ పెట్టుబడి సంస్థతో కలిసి కొత్త కంపెనీగా పెట్టాల్సి వచ్చింది. చిప్పులు సొంతంగా తయారుచేసుకునే కంపెనీ, తయారీని చేజార్చుకుంది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఇంటెల్ నెత్తిన వేయడం ఇన్సాఫ్ కాదు. కానీ సరుకు బాగున్న ఏళ్లలో అమ్ముకోలేకపోయినవాడికి ఆ ఏళ్లని ఏ అదాలత్ వాపసు ఇస్తుంది?

గుత్తాధిపత్యం అనే మాట డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు నాకు కొత్తగా తగిలింది. బడిలో ఉర్దూలో దాన్ని ఇజారాదారీ అని నేర్చుకున్నాం. రెండూ వేరు వేరు భాషలు, కానీ పుట్టుక ఒకటే. గుత్త అంటే ఒక హక్కుని సొమ్ము కట్టి ఒక్కడే తీసుకోవడం. ఇజారా అన్నా అదే. కల్లు గుత్త, చెరువు గుత్త, భూమి ఇజారా అని మన పెద్దలు వాడిన మాటలే. మన తాతలకి ఆ అనుభవం ఎంత బాగా తెలుసో ఈ రెండు మాటలే గవాహీ. ఒకడికి గుత్త దక్కితే మిగతావాళ్లు వాడి గుమ్మం ముందు నిలబడాలి. తేడా ఏమిటంటే, ఆ రోజుల్లో గుత్త ఇచ్చేది సర్కారు. ఇప్పుడు కంపెనీ తన గుత్తని తానే కొనుక్కుంటోంది, కొనేవాళ్లకి రాయితీ ఇచ్చి.

నేను ఆలిమ్‌ని కాదు, ఫత్వా చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఫిఖ్ చదివిన పెద్దల దగ్గర విన్న రెండు సంగతులు ఇక్కడ గుర్తొస్తాయి. ఒకటి ఇహ్తికార్. సరుకు ఆపి జనాన్ని ఇబ్బంది పెట్టడం. ఇది తిండి గింజలకే వర్తిస్తుందని కొందరు ఇమాములు అన్నారు. హనఫీ ఇమాం అబూ యూసుఫ్ మాత్రం ఏ సరుకుని ఆపితే జనానికి నష్టమో అదంతా ఇహ్తికారే అన్నారు. రెండోది, బయటి ఊళ్ల నుంచి సరుకు తెచ్చే కాఫిలాలకి ఎదురెళ్లి, వాళ్లు బజార్‌లోకి రాకముందే దారిలో బేరం ఆడేయడాన్ని మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లం మనా చేశారు. అలా చేస్తే తెచ్చేవాడికి తన సరుకు అసలు ధర తెలియదు, ఊరివాళ్లకి ఆ సరుకు నేరుగా అందదు.

మన దీన్ పెద్ద తాజిర్‌ని తప్పు పట్టలేదు. సహాబాల్లో లక్షాధికారులున్నారు. ఇమాం అబూ హనీఫా స్వయంగా బట్టల వ్యాపారి. లాభం హలాల్, పోటీలో గెలవడం హలాల్. బజార్ దారి మూయడం మాత్రం హలాల్ కాదు. ఇవాళ్టి చట్టం అనేదీ దాదాపు ఇదే. మన దేశంలో 2002 నాటి పోటీ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పెద్దగా ఉండడం జుర్మ్ కాదు. ఆ పెద్దరికాన్ని దుర్వినియోగం చేయడమే జుర్మ్.

ఆ సెక్షన్ ఇంటెల్ దాకా వచ్చిన సందర్భం కూడా ఉంది. మన ఇళ్లలో గల్ఫ్ సంబంధం లేని ఇల్లు తక్కువ. దుబాయ్ నుంచో రియాద్ నుంచో వచ్చే భాయ్ సూట్‌కేసులో అత్తర్లతో పాటు కంప్యూటర్ సామాను కూడా వస్తుంది. 2016 ఏప్రిల్ 25 నుంచి ఇంటెల్ ఒక కొత్త వారంటీ పద్ధతి పెట్టింది. డబ్బాలో విడిగా అమ్మే చిప్పుని ఇండియాలో తన అధీకృత డీలర్ల దగ్గర కొంటేనే ఇక్కడ వారంటీ ఉండేది. బయటి దేశంలో కొంటే, చిప్పు అసలుదే అయినా, కొన్న దేశానికే వెళ్లి అడగాల్సి వచ్చేది. బయటి నుంచి అసలు సరుకు తెచ్చి తక్కువకి అమ్మే చిన్న వ్యాపారుల నడుం విరిచే పద్ధతి అది. ఒక వ్యాపారి ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2019 ఆగస్టులో దర్యాప్తుకి ఆదేశించింది. అదే కంపెనీ, అదే చిప్పు, ఇంకో దేశంలో కొన్నంత మాత్రాన ఇక్కడివాడి హక్కు ఎందుకు పోవాలి? ప్రశ్న సూటిగా ఉంది.

ఇప్పుడు కొందరు దోస్తులు నాతో అంటారు, "భాయ్, ఇంటెల్ పని అయిపోయింది కదా, ఇంకా దాన్నెందుకు కొడతావు?" అని. నిజమే. ఫోన్ల చిప్పుల్లో ఇంటెల్ నిలబడలేదు. తయారీలో తైవాన్ ముందుకెళ్లింది. ఏఎండీ 2017లో రైజెన్‌తో లేచి నిలబడింది. 2024 నవంబర్‌లో డౌ జోన్స్ సూచీ నుంచి ఇంటెల్‌ని తీసేసి దాని కుర్చీలో ఎన్విడియాని కూర్చోబెట్టారు. 2025లో అమెరికా ప్రభుత్వమే ఇంటెల్‌లో దాదాపు 10 శాతం వాటా తీసుకుంది. తఖ్త్ ఎవరికీ శాశ్వతం కాదు.

కానీ "బజార్ తనే సరిచేసుకుంది" అనే మాట నాకు గొంతు దిగదు. సరిచేసుకోవడానికి పట్టిన కాలం ఎవరి జేబులోంచి పోయింది? కంప్యూటర్ కొనుక్కున్న ప్రతి కుటుంబం జేబులోంచి. పైగా తఖ్త్ మారింది అంతే, తఖ్త్ పోలేదు. కృత్రిమ మేధకి కావలసిన చిప్పుల్లో ఇవాళ ఎన్విడియాదే రాజ్యం. దాని మీద జుర్మ్ రుజువైందని నేను అనడం లేదు. పెద్దగా ఉండడం జుర్మ్ కాదని పైనే చెప్పాను. అడగాల్సిన ప్రశ్న మాత్రం పాతదే. అమ్మేటప్పుడు ఇచ్చే రియాయత్ వెనకాల, ముందుగా సరుకు ఇస్తాననే వాదా వెనకాల, వేరేవాళ్ల దగ్గర కొనొద్దనే షర్తు ఉందా లేదా?

ఆ ప్రశ్న ఆలస్యం కాకముందే అడిగితే ఏమవుతుందో కూడా మనం చూశాం. ఆర్మ్ అనే కంపెనీ డిజైన్లు దాదాపు ప్రతి సెల్‌ఫోన్ చిప్పులో ఉంటాయి. దాన్ని ఎన్విడియా 4,000 కోట్ల డాలర్లకి కొంటానంది. అమెరికా ట్రేడ్ కమిషన్ 2021 డిసెంబర్‌లో దాన్ని ఆపాలని దావా వేసింది. 2022 ఫిబ్రవరిలో ఎన్విడియా ఆ సౌదా వదులుకుంది. ఒకచోట రెండు నెలలు, ఇంకోచోట ఇరవై నాలుగేళ్లు. కంపెనీల విలీనాన్ని ఆపడం, జరిగిపోయిన తప్పుని రుజువు చేయడం ఒకటి కాదని నాకు తెలుసు. అయినా తలుపు పడకముందు కాలు అడ్డం పెట్టడానికీ, పడ్డాక గోడ బద్దలు కొట్టడానికీ ఉన్న తేడా అందులో కనిపిస్తుంది.

నా రాయ్ ఇది. తగ్గింపు ఎంతైనా ఇవ్వనీయండి, దాన్ని చట్టం ముట్టుకోనక్కర్లేదు. కానీ బజార్‌లో మూడింట రెండు వంతులు చేతిలో ఉన్న కంపెనీ "వేరేవాడిది పెట్టొద్దు" అని షర్తు పెడితే, దాని అవసరం ఏమిటో, ఎవరికి ఫాయిదానో సబూత్ చూపే జిమ్మేదారీ ఆ కంపెనీ మీదే ఉండాలి. సబ్బు చిచ్చా లాంటివాడు అర్థశాస్త్రవేత్తలని పెట్టుకుని ఇరవై ఏళ్లు లెక్కలు వేయించలేడు. షర్తు పెట్టినవాడు వేయించగలడు. విచారణ నడిచినంత కాలం ఆ షర్తుని ఆపి ఉంచాలి. అలా మధ్యంతర ఉత్తర్వులిచ్చే అధికారం మన కాంపిటీషన్ కమిషన్‌కి చట్టంలోనే ఉంది. దాన్ని అరలో పెట్టి దుమ్ము పట్టనివ్వకూడదు. 2010లో అమెరికా ట్రేడ్ కమిషన్ ఇంటెల్‌తో రాజీ చేసుకున్నప్పుడు ఒక్క డాలర్ జుర్మానా వేయలేదు. మా చిప్పులే కొను, వేరేవాళ్లవి కొనకు అనే షర్తు మీద ఇంకెవరికీ ఫాయిదాలు ఇవ్వకూడదని కట్టడి చేసింది. నా దృష్టిలో వంద కోట్ల జుర్మానా కన్నా ఆ ఒక్క వాక్యం విలువైంది. జుర్మానా ఖజానాకి పోతుంది. ఆ వాక్యం బజార్ తలుపు తెరుస్తుంది.

మన ఇళ్లలో దుకాణాలున్నవాళ్లు ఎంతోమంది. మొబైల్ షాపులు, మెడికల్ షాపులు, కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉన్న కొట్లు. స్కీము పట్టుకుని వచ్చే ఏజెంటుని ఒక్క మాట అడగండి. "షర్తు కాగితం మీద రాసిస్తావా?" రాసివ్వడానికి వెనకాడితే అక్కడ ఏదో దాగి ఉన్నట్టే. పిల్లల్ని ఇంజినీరింగ్‌కి, మెడిసిన్‌కి పంపే మనం ఒకరిద్దరిని ఈ పోటీ చట్టం చదివించడం కూడా ఆలోచించాలి. చిప్పు తయారుచేసేవాడు ఎంత అవసరమో, చిప్పు బజార్ దాకా వచ్చే దారిని కాపాడేవాడూ అంతే అవసరం.

చివరికి మా భాంజా ఏం కొన్నాడంటారా? అరగంట మాటలయ్యాక ఆపా ఏఎండీకే ఒప్పుకుంది, నాలుగు వేలు మిగిలాయి కాబట్టి. ఇంటెల్ తీసుకున్నా నేను ఖుషీగానే ఉండేవాణ్ణి. రెండూ బల్ల మీద ఉన్నాయి, ఆమె చూసింది, అడిగింది, తేల్చుకుంది. మా అబ్బా దుకాణానికి వచ్చే ఆడవాళ్లకి ఆ మాత్రం హక్కు కూడా మిగల్లేదు. ఆ సంగతి అబ్బాకి తెలుసు. ఆయన పోయాక సామాను సర్దుతుంటే గోడ గడియారం దొరికింది. సెల్ తీసేసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి ఉంది. అది పాడైపోలేదు. కొత్త సెల్ వేస్తే నడిచింది. దాన్ని ఎప్పుడు దించాడో అమ్మీని అడిగాను. సబ్బు చిచ్చా జనాజా నుంచి వచ్చిన రోజు దించాడని చెప్పింది.